మోడల్ రైలింజన్‌కు నెమ్మదిగా నడవడం నేర్పడం ఎలా

కంట్రోలర్ నాబ్‌ను కొద్దిగా తిప్పుతారు. ఇంజన్ కదలదు. ఇంకాస్త తిప్పుతారు. అప్పటికీ కదలదు. ఇంకొంచెం తిప్పేసరికి ఒక్క గెంతు గెంతి, వెనకున్న బోగీలను ఈడ్చుకుంటూ పరుగు లంకించుకుంటుంది. కంగారుపడి నాబ్ వెనక్కి తిప్పితే ఉన్నచోటే ఠక్కున ఆగిపోతుంది. మోడల్ రైళ్లు కొత్తగా మొదలుపెట్టిన వాళ్లందరికీ ఇది తెలిసిన బాధే.

నిజమైన రైలు బయలుదేరేటప్పుడు చూడండి. కప్లింగులు ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుంటాయి. చక్రం కదిలిందా లేదా అన్న అనుమానం వచ్చేంత నెమ్మదిగా బండి ముందుకు జరుగుతుంది. వందల టన్నుల బరువు మన కంటికి తెలిసేది ఆ కొద్ది సెకన్లలోనే. అరచేతిలో పట్టే ఇంజన్‌లో కూడా ఆ బరువు కనబడాలంటే అది అడుగులో అడుగు వేస్తున్నట్టు, మధ్యలో ఆగకుండా నడవాలి. స్పీడ్ కంట్రోల్‌కు అసలు పరీక్ష అదే. టాప్ స్పీడ్ ఏ ఇంజన్‌కైనా వస్తుంది.

ఆ పరీక్ష నెగ్గడానికి ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ చెబుతున్నాను. వరుస తప్పించకండి. బండి కుదుపుతోందని ముందే ఖరీదైన కంట్రోలరో డీకోడరో (ఇంజన్ లోపల పెట్టే చిన్న ఎలక్ట్రానిక్ కంట్రోల్ ముక్క) కొనేస్తే, ఆ కుదుపును కొత్త పెట్టెలోంచి చూస్తారు, అంతే.

మొదట చక్రాలు, పట్టాలు

ఇంజన్‌కు కరెంటు అందేది చక్రం పట్టాను తాకే చోటు నుంచి. ఆ తాకిడి గుండుసూది మొనంత ఉంటుందేమో. అక్కడ నల్లటి మడ్డి పేరుకుంటే ఎంత మంచి కంట్రోలరైనా చేయగలిగింది లేదు. వేగంగా వెళ్లేటప్పుడు ఈ లోపం బయటపడదు, ఎందుకంటే బండి ఊపు మీద ఆ మచ్చను దాటేస్తుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు మాత్రం సరిగ్గా దాని మీదే నిలబడిపోతుంది.

చక్రాలు తుడవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ఒక టిష్యూ ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, రెండు పట్టాల మీదుగా అడ్డంగా పరవండి. చుక్కలు కారేంతగా తడపకండి, దానికి ఇట్టే నిప్పంటుకుంటుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి. ఇంజన్ ముందు ట్రక్కు (ఇంజన్ కింద ఉండే చక్రాల సెట్టు) చక్రాలు టిష్యూ మీద, వెనక ట్రక్కు చక్రాలు ఖాళీ పట్టా మీద ఉండేలా పెట్టి, చేత్తో మెల్లగా పట్టుకుని సగం పవర్ ఇవ్వండి. వెనక చక్రాల నుంచి కరెంటు అందుతుంది, ముందు చక్రాలు టిష్యూ మీద తిరుగుతాయి. పది సెకన్లలో రెండు నల్లటి చారలు పడతాయి. టిష్యూ జరిపి, ఇంజన్ అటూ ఇటూ మార్చి, చారలు పడడం ఆగేదాకా చేయండి. పట్టాలనూ అదే ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి. దానివల్ల పడే సన్నని గీతల్లోకే మళ్లీ మురికి చేరుతుంది.

తర్వాత పట్టాలకు వచ్చే వైర్లు చూడండి. లూప్ మొత్తానికి ఒకే చోట రెండు వైర్లు కలిపి, మిగతాదంతా పట్టా ముక్కలను కలిపే జాయినర్ల మీద వదిలేస్తే, జాయినర్లు వదులైన కొద్దీ వోల్టేజి దారిలోనే పోతుంది. ఇంజన్‌ను ఒక వేగంలో నడుపుతూ దగ్గరి వైపు ఒకసారి, లూప్ అవతలి చివర ఒకసారి పట్టాల మధ్య వోల్టేజి కొలవండి. ఇక్కడ 9 వోల్టులుండి అక్కడ 7 ఉంటే, అవతలి వైపు బండి నీరసంగా నడవడంలో వింతేముంది? లేఅవుట్ (పట్టాలు పరిచిన బల్ల) కింద లావుపాటి వైరు జత ఒకటి పరిచి, దాని నుంచి మీటరుకొకటి చొప్పున సన్నటి ఫీడర్ వైర్లు తీసి పట్టాలకు సోల్డర్ చేస్తే ఈ సమస్య శాశ్వతంగా పోతుంది.

ఇంజన్ లోపల ఏముందో చూడండి

పై కవర్ విప్పితే చాలా ఇంజన్లలో కనిపించేది ఒకటే అమరిక. మధ్యలో మోటారు, దాని షాఫ్ట్ మీద ఇత్తడి ఫ్లైవీల్, అక్కడి నుంచి వర్మ్ గేరు, దాని కింద ప్లాస్టిక్ గేర్లు, చివర ఇరుసులు. ఈ వరుసలో ఎక్కడ బిగుసుకున్నా మోటారు ముందు దాన్ని గెలవాలి. గెలిచేదాకా కదలదు, గెలిచాక గెంతుతుంది. మొదట్లో చెప్పిన గెంతుకు సగం కారణం ఇదే.

నా డీజిల్ ఇంజన్ ఒకటి చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక్క క్షణం తటపటాయించేది. డీకోడర్ సెట్టింగులతో రెండు సాయంత్రాలు కుస్తీ పట్టాను. మూడో రోజు భూతద్దం పెట్టి చూస్తే, ఒక ఇరుసుకీ గేరుకీ మధ్య పొడవాటి తల వెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంది. నూనె పీల్చి, దారంలా బిగుసుకుపోయింది. ట్వీజర్‌తో కొస పట్టుకుని లాగుతుంటే అరచేయంత పొడవు వచ్చింది. దాన్ని తీసి పట్టాల మీద పెట్టగానే బండి నూనె మీద జారినట్టు నడిచింది. అప్పటి నుంచి సెట్టింగుల జోలికి వెళ్లే ముందు ప్రతి ఇంజన్‌నూ వెల్లకిలా తిప్పి, వెలుతురులో ఇరుసులన్నీ చూస్తాను. మీరూ అలాగే చేయండి.

నూనె విషయంలో ఒకే మాట: ప్లాస్టిక్‌కు హాని చేయని పలుచటి నూనె, బేరింగుకు సూదిమొనతో ఒక్క చుక్క. ఎక్కువైన నూనె చక్రాల మీదికి జారి మళ్లీ పట్టాలను పాడుచేస్తుంది. కొత్త ఇంజన్ అయితే బోగీలు లేకుండా మధ్యస్థ వేగంతో అరగంట ముందుకు, అరగంట వెనక్కి తిప్పండి. మోటారు బ్రష్‌లు కమ్యుటేటర్ మీద కుదురుకుంటాయి, గేర్లు ఒకదానికొకటి అలవాటు పడతాయి. ఈ గంట పని చేయకుండా ఏ సెట్టింగూ మార్చకండి. ఈరోజు పెట్టిన అంకె వచ్చే వారానికి తప్పైపోతుంది.

వేగం దేనివల్ల వస్తుంది

రెండు పట్టాల మోడళ్లలో ఎక్కువ భాగం డీసీ మోటారు మీద నడుస్తాయి. మోటారుకు అందే వోల్టేజి పెరిగితే వేగం పెరుగుతుంది. బరువు పెరిగితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. పట్టాలలో ఏది ప్లస్ అన్నదాన్ని బట్టి దిశ మారుతుంది. బండి ముఖం చూసే వైపు చూస్తే కుడి పట్టా ప్లస్ అయినప్పుడు ముందుకు వెళ్లాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. మూడు పట్టాల మార్క్‌లిన్ పద్ధతి వేరు. అది ఏసీ మీద మొదలైంది, దిశ మార్చడానికి ఎక్కువ వోల్టేజి పల్స్ ఒకటి పంపేవారు. మీది ఆ రకమైతే కింద డీసీ కంట్రోలర్ల గురించి చెప్పే భాగం మీకు వర్తించదు.

పాతకాలపు కంట్రోలర్లు రియోస్టాట్ రకం. మోటారుకు వరసలో ఒక నిరోధకం పెట్టి, నాబ్‌తో దాన్ని తగ్గిస్తూ పోవడమే. లోపం ఎక్కడంటే, ఆ నిరోధకంలో ఎన్ని వోల్టులు పోతాయన్నది మోటారు లాగే కరెంటును బట్టి మారుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి దానికి అందేది తక్కువ. కదలగానే కరెంటు తగ్గి వోల్టేజి ఒక్కసారి పెరుగుతుంది, బండి ముందుకు దూకుతుంది. గెంతుకు రెండో కారణం దొరికింది కదా. ట్రాన్సిస్టర్ కంట్రోలర్లు బరువుతో సంబంధం లేకుండా వోల్టేజిని నిలకడగా ఉంచుతాయి, అందుకే వాటితో తేడా వెంటనే తెలుస్తుంది.

ఇంకో మెట్టు పైన పల్స్ పద్ధతి, అంటే పీడబ్ల్యూఎం ఉంది. ఇందులో మోటారుకు ఎప్పుడూ పూర్తి 12 వోల్టులే వెళతాయి, కానీ ముక్కలు ముక్కలుగా. సెకనులో పదో వంతు సమయం మాత్రమే ఆన్‌లో ఉంటే బండి నెమ్మదిగా, సగం సమయం ఉంటే మధ్యస్థంగా నడుస్తుంది. ఒక్కో ముక్కలో పూర్తి బలం ఉంటుంది కాబట్టి గేర్ల రాపిడిని గెలవడం సులువు. సెకనుకు వంద పల్స్‌ల దగ్గర మోటారు గుర్రుమంటుంది, 20,000 దాటితే ఆ చప్పుడు చెవికి వినిపించదు. ఒక జాగ్రత్త: మీ ఇంజన్‌లో కోర్‌లెస్ మోటారు ఉంటే తక్కువ ఫ్రీక్వెన్సీ పల్స్ ఇచ్చే పాత కంట్రోలర్ వాడకండి. ఆ మోటారు లోపల వేడిని తట్టుకునే ఇనుప కోర్ ఉండదు, త్వరగా కాలిపోతుంది.

వీటన్నింటికన్నా నాకు నచ్చినది ఫీడ్‌బ్యాక్. తిరుగుతున్న డీసీ మోటారు తానే ఒక చిన్న జనరేటర్. రెండు పల్స్‌ల మధ్య కరెంటు ఆపిన ఆ రెప్పపాటులో మోటారు పుట్టించే వోల్టేజిని కొలిస్తే, అది ఎంత వేగంగా తిరుగుతోందో తెలిసిపోతుంది. దీన్నే బ్యాక్ ఈఎంఎఫ్ అంటారు. ఎత్తు ఎక్కుతూ బండి నెమ్మదిస్తే కొలత తగ్గుతుంది, వెంటనే పల్స్ వెడల్పు పెరుగుతుంది. దిగుతున్నప్పుడు దానికి ఎదురు జరుగుతుంది. డ్రైవర్ రెగ్యులేటర్ మీద చేయి వేసుకుని కూర్చున్నట్టే ఉంటుంది.

డీసీతోనే సరిపెట్టుకోవాలనుకుంటే

ఒకే లూప్, ఒకటి రెండు ఇంజన్లు ఉన్నవాళ్లకు డిజిటల్ పద్ధతి (కింద చెప్పే డీసీసీ) తప్పనిసరి కాదు. మీకు సోల్డరింగ్ వచ్చు అంటే చిన్న కంట్రోలర్ మీరే అమర్చుకోవచ్చు. 12 వోల్టుల, 1 నుంచి 2 ఆంపియర్ల రెడీమేడ్ డీసీ అడాప్టర్, ఒక పీడబ్ల్యూఎం మోటార్ స్పీడ్ బోర్డు, 1 ఆంపియర్ ఫ్యూజు, మధ్యలో ఆఫ్ ఉండే ఆరు కాళ్ల డీపీడీటీ స్విచ్చు చాలు. మెయిన్స్ కరెంటును ముట్టుకునే ట్రాన్స్‌ఫార్మర్ పనులు మీరు పెట్టుకోకండి. అడాప్టర్ ఆ పని సురక్షితంగా చేస్తుంది.

అడాప్టర్ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా బోర్డుకు, మైనస్ నేరుగా బోర్డుకు. బోర్డు నుంచి వచ్చే రెండు వైర్లను స్విచ్చులో ఒక చివరి జత కాళ్లకు కలపండి. ఆ చివరి జత నుంచి అవతలి చివరి జతకు రెండు చిన్న వైర్లను ఐమూలగా, అంటే ఎడమ కాలు నుంచి కుడి కాలికి, కుడి కాలు నుంచి ఎడమ కాలికి కలపండి. మధ్య జత కాళ్ల నుంచి పట్టాలకు. స్విచ్చు ఒకవైపు నొక్కితే బండి ముందుకు, మరోవైపు నొక్కితే వెనక్కి. మధ్యలో పెడితే ఆగుతుంది. పరుగులో ఉండగా దిశ మార్చకండి, గేర్ల పళ్లు ఊడతాయి.

ఇంజన్లు ఎక్కువైతే డీసీసీ

డీసీలో మీరు అదుపు చేసేది పట్టాలను. ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లుంటే రెండూ కలిసి కదులుతాయి. డీసీసీలో, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్‌లో, పట్టాల మీద ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది, హెచ్‌ఓ (నిజమైన రైలులో 87వ వంతు సైజు) లేఅవుట్లలో మామూలుగా 14 నుంచి 16 వోల్టులు. ఆ వోల్టేజి ప్లస్ మైనస్‌లు చకచకా తారుమారవుతూ కబురు మోస్తుంది. తారుమారుకు ముందు 58 మైక్రోసెకన్లు ఆగితే అది 1, 100 లేదా అంతకన్నా ఎక్కువ ఆగితే అది 0. ఇంజన్‌లోని డీకోడర్ ఆ కబురులో తన నంబరు ఉందో లేదో చూసుకుని, ఉంటే మాట వింటుంది. జర్మనీకి చెందిన లెంజ్ కంపెనీ పద్ధతి ఆధారంగా అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ 1990లలో దీన్ని ప్రమాణంగా చేసింది. అందుకే ఒక కంపెనీ డీకోడర్ ఇంకో కంపెనీ కంట్రోలర్ మాట వింటుంది. మనకు ఇంత వెసులుబాటు దొరకడానికి ఆ నిర్ణయమే కారణం.

డీకోడర్ ఎంచుకునే ముందు మీ ఇంజన్ స్టాల్ కరెంటు (తిరగకుండా ఆపినప్పుడు మోటారు లాగే కరెంటు) కొలవండి. డీసీలో 12 వోల్టులిచ్చి, ఆమ్మీటర్ వరసలో పెట్టి, ఫ్లైవీల్‌ను ఒక్క సెకను వేలితో ఆపి చదవండి. కొత్త హెచ్‌ఓ ఇంజన్లలో అది సాధారణంగా 1 ఆంపియర్ లోపే ఉంటుంది. డీకోడర్ దానికన్నా ఎక్కువ మోయగలగాలి. ఇంజన్‌లో సాకెట్ ఉంటే పని సగం అయిపోయినట్టే. ఎనిమిది పిన్నులదైతే నెమ్ 652, ఇంకా 21 ఎంటీసీ, ప్లక్స్22, చిన్నవాటిలో నెక్స్ట్18 ఎక్కువగా కనిపిస్తాయి.

సాకెట్ లేని పాత ఇంజన్ అయితే డీకోడర్ వైర్ల ఈ రంగులు గుర్తుంచుకోండి. ఎరుపు కుడి పట్టా వైపు చక్రాలకు, నలుపు ఎడమ పట్టా వైపు చక్రాలకు. నారింజ, బూడిద రంగులు మోటారు రెండు బ్రష్‌లకు. తెలుపు ముందు లైటు, పసుపు వెనక లైటు, నీలం లైట్ల ఉమ్మడి ప్లస్. అన్నింటికన్నా ముఖ్యమైన పని ఒకటుంది. పాత ఇంజన్లలో మోటారు బ్రష్ ఒకటి లోహపు చాసిస్‌కే తగిలి, అక్కడి నుంచి పట్టాకు కలిసి ఉంటుంది. ఆ బంధం తెంచకుండా డీకోడర్ పెడితే పవర్ ఇచ్చిన క్షణంలో అది మాడిపోతుంది. నేను ఒక డీకోడర్‌ను అలాగే పోగొట్టుకున్నాను. మల్టీమీటర్‌ను బజర్ మీద పెట్టి, ఒక కొస బ్రష్‌కి, ఇంకో కొస వరసగా ప్రతి చక్రానికి, చాసిస్‌కి తాకించండి. ఎక్కడా కుయ్యిమనకూడదు. రెండు బ్రష్‌లకూ ఇలా చూశాకే డీకోడర్ కలపండి.

కలిపాక మొదట మెయిన్ లైను మీద పెట్టకండి. ప్రోగ్రామింగ్ ట్రాక్ (సెట్టింగుల కోసమే విడిగా ఉండే పట్టా ముక్క) మీద పెట్టి నంబరు చదివించండి. అక్కడ కరెంటు పరిమితంగా ఉంటుంది, తప్పు ఏదైనా ఉన్నా డీకోడర్ బతికిపోయే అవకాశం ఎక్కువ. చదవగలిగిందంటే మోటారు వైర్లు కలిసినట్టే. డీకోడర్ మామూలుగా జవాబు చెప్పేది మోటారు ద్వారా ఒక చిన్న కరెంటు పల్స్‌ను లాగడం ద్వారానే.

సీవీలను ఈ వరసలో పెట్టండి

సీవీ అంటే డీకోడర్‌లో ఒక గడి, దాంట్లో ఒక అంకె. కొత్త డీకోడర్‌కు సీవీ 1లో నంబరు 3 ఉంటుంది. ముందు దాన్ని మార్చండి, లేదంటే కొత్త ఇంజన్లన్నీ ఒకేసారి పరుగెత్తుతాయి. తర్వాత సీవీ 29. ఇందులో మామూలుగా 6 ఉంటుంది: 28 లేదా 128 స్పీడ్ స్టెప్పులు (ఆగడం నుంచి పూర్తి వేగం దాకా మెట్లు), డీసీలో కూడా నడిచే వీలు. మీరు డీసీలో నడపరు కదా, 2 పెట్టండి. నాలుగంకెల నంబరు వాడితే 34. డీసీ వీలు ఉంచితే, పట్టాల మీద సిగ్నల్ తడబడినప్పుడు కొన్ని డీకోడర్లు దాన్ని డీసీ అనుకుని పూర్తి వేగంతో పారిపోతాయి. కంట్రోలర్‌ను 128 స్టెప్పుల మీద పెట్టుకోండి. వాటిలో నిజంగా వేగానికి పనికొచ్చేవి 126. మిగిలిన రెండూ ఆగడానికి, అత్యవసరంగా ఆగడానికి.

ఇప్పుడు సీవీ 3, సీవీ 4 రెండింటిలో 0 రాయండి. ఇవి వేగం పుంజుకోవడం, తగ్గడం ఎంత మెల్లగా జరగాలో చెప్పేవి. అవి ఉండగా మిగతావి సరిచూడడం కుదరదు. నాబ్ ఒక స్టెప్పు తిప్పి ఇంజన్ కదలడానికి ఎదురుచూస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

తర్వాత బ్యాక్ ఈఎంఎఫ్. దీని సీవీలు కంపెనీకొక రకం. ఈఎస్‌యూ కంపెనీ లోక్‌పైలట్ డీకోడర్ల 4, 5 తరాలలో సీవీ 54లో 0 రాసి, ఎదురుగా రెండు మీటర్ల తిన్నటి ట్రాక్ ఉన్నచోట ఇంజన్‌ను పెట్టి కంట్రోలర్ మీది ఎఫ్1 బటన్ నొక్కితే, అది ఒకటి రెండు సెకన్లు పూర్తి వేగంతో దూసుకెళ్లి తన మోటారును తానే కొలుచుకుంటుంది. మిగతా వాటిలో చేత్తో సరిచేయాలి. ఒకటో స్టెప్పులో బండి వణుకుతున్నట్టు ఊగితే బలం ఎక్కువైంది, ఆ విలువ తగ్గించండి. కొద్దిపాటి ఎత్తుకే నీరసపడితే పెంచండి.

ఇక సీవీ 2. ఒకటో స్టెప్పులో మోటారుకు అందే బలం ఇది. ఇంజన్‌ను మెయిన్ లైను మీద పెట్టి, కంట్రోలర్‌ను ఒకటో స్టెప్పులో ఉంచి, అది అలా ఉండగానే సీవీ 2ను ఒక్కొక్కటే పెంచండి. 1, 2, 3... ఒక అంకె దగ్గర ఫ్లైవీల్ కదిలినట్టు అనిపిస్తుంది, ఆగిపోతుంది. తర్వాతి అంకెకు కదిలి, ఎక్కడో ఒక స్లీపర్ దగ్గర ఆగుతుంది. ఇంకొకటి పెంచితే ఆగకుండా స్లీపరు మీద స్లీపరు దాటుకుంటూ పోతుంది. అక్కడ ఆపండి. ఈ పది నిమిషాలు మొత్తం పనిలో నాకు ఇష్టమైనవి. మోటారు శబ్దం దాదాపు వినబడదు, చక్రం తిరగడం మాత్రం కనబడుతుంది. మోటారు వేడెక్కాక ఇదే అంకెకు కాస్త చురుగ్గా నడుస్తుంది కాబట్టి, ఇంజన్‌ను పది నిమిషాలు తిప్పాకే ఈ పని మొదలుపెట్టండి.

స్టాప్‌వాచ్ తీసుకోండి

నాబ్ మీది అంకె వేగం కాదు. వేగం కొలవాల్సిందే. పట్టా పక్కన సరిగ్గా 2 మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టండి. హెచ్‌ఓ 1:87 స్కేలులో, ఒక మీటరుకు పట్టిన సెకన్లతో 313ను భాగిస్తే నిజమైన రైలు లెక్కలో గంటకు కిలోమీటర్లు వస్తాయి. ఎన్ 1:160 అయితే 576ను, ఓఓ 1:76 అయితే 274ను భాగించండి. 2 మీటర్ల గుర్తులు పెట్టుకుంటే పై అంకెలు రెట్టింపు అవుతాయి, హెచ్‌ఓకు 626.

ముందు ఒకటో స్టెప్పు. మనిషి నడక గంటకు 5 కిలోమీటర్లు అనుకుంటే హెచ్‌ఓ ఇంజన్ ఒక మీటరు దాటడానికి 63 సెకన్లు పట్టాలి. అంతకన్నా నెమ్మదిగా నడిస్తే ఇంకా మంచిది. చేతిగడియారం చూస్తూ నిలబడితే ఒక నిమిషం ఎంత పొడవో తెలుస్తుంది.

తర్వాత టాప్ స్పీడు. దాన్ని నిర్ణయించేది సీవీ 5. నా సరుకు రవాణా ఇంజన్ ఒకటి, సీవీ 5లో 255 ఉన్నప్పుడు 2 మీటర్లను 3.4 సెకన్లలో దాటింది. అంటే గంటకు 184 కిలోమీటర్లు. గూడ్సు బండికి అది అర్థం లేని వేగం. దాన్ని 100కు దించాలంటే 2 మీటర్లకు 6.3 సెకన్లు పట్టాలి. సీవీ 5ను పది చొప్పున తగ్గిస్తూ, ప్రతిసారీ కొలుస్తూ వచ్చాను. దీనివల్ల వచ్చే లాభం టాప్ స్పీడు తగ్గడం ఒక్కటే అనుకోకండి. ఆ 126 మెట్లన్నీ ఇప్పుడు 0 నుంచి 100 మధ్యలోకి వచ్చాయి. ఇంతకుముందు ఒక్కో మెట్టుకు గంటకు 1.5 కిలోమీటర్లు పెరిగేది, ఇప్పుడు 0.8. అదుపు దాదాపు రెండింతలు సన్నబడింది. కొన్ని డీకోడర్లలో సీవీ 5 గరిష్ఠం 255 బదులు 63 లేదా 64 ఉంటుంది, మాన్యువల్ చూసుకోండి.

సీవీ 6 మధ్య మెట్టు వేగం. దీన్ని సీవీ 2, సీవీ 5 సగటు కన్నా కాస్త తక్కువ పెడితే నాబ్ మొదటి సగంలో నెమ్మది వేగాలకు ఎక్కువ చోటు దొరుకుతుంది. షంటింగ్ ఇంజన్లకు ఇది చాలా బాగుంటుంది. సీవీ 6 లేని డీకోడర్లలో 28 బిందువుల స్పీడ్ టేబుల్ ఉంటుంది, సీవీ 67 నుంచి 94 దాకా. అది వాడాలంటే సీవీ 29కి 16 కలపాలి. ఈ 28 అంకెలు చేత్తో రాయడం విసుగు. కంప్యూటర్‌లో జేఎంఆర్‌ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డీకోడర్‌ప్రో ఉంది, అందులో గీతను మౌస్‌తో వంచితే చాలు.

బరువు కనిపించేలా చేయడం

ఇప్పుడు సీవీ 3, 4కు తిరిగి రండి. ఎన్‌ఎంఆర్‌ఏ లెక్క ప్రకారం సీవీ 3లోని అంకెను 0.896తో గుణిస్తే, ఆగి ఉన్న స్థితి నుంచి పూర్తి వేగానికి పట్టే సెకన్లు వస్తాయి. 20 పెడితే దాదాపు 18 సెకన్లు. కొన్ని కంపెనీలు వేరే గుణకం వాడతాయి, కాబట్టి ఒకసారి కొలుచుకోండి.

ఎక్కువ అంకె పెడితే ఎక్కువ నిజంగా కనిపిస్తుందని అనిపిస్తుంది, కానీ మీ లేఅవుట్ పొడవు ఒప్పుకోవాలి కదా. హెచ్‌ఓలో గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు 32 సెంటీమీటర్లు. ఆ వేగం నుంచి 18 సెకన్లలో ఆగాలంటే బండి ఇంకా 2.9 మీటర్లు వెళుతుంది. మీ స్టేషన్ ముందు తిన్నటి దారి 1.5 మీటర్లే ఉంటే సీవీ 4లో 10 పెట్టండి, 1.4 మీటర్లలో ఆగుతుంది. సీవీ 3ను దానికన్నా కొంచెం ఎక్కువే ఉంచవచ్చు, ఎందుకంటే బయలుదేరేటప్పుడు తొందర లేదు. షంటింగ్ ఇంజన్‌కు మాత్రం రెండూ తక్కువ ఉంచండి. దాన్ని చేత్తో అనుక్షణం నడపాలి. ఆలస్యంగా స్పందిస్తే బోగీలను గుద్దేస్తుంది.

రెండు ఇంజన్లను జతకట్టాలంటే

నెమ్మదిగా నడిచే ఇంజన్‌ను ప్రమాణంగా తీసుకోండి, రెండోదాన్ని దానికి తగ్గించండి. కప్లింగ్ కలపకుండా, రెండింటినీ 30 సెంటీమీటర్ల ఎడంతో ఒకే దిశలో వదిలి, ఒకే స్టెప్పులో ఒక చుట్టు తిప్పండి. ఎడం పెరిగితే ముందుది వేగం, తరిగితే వెనకది. ఒకటో స్టెప్పులో సీవీ 2తో, సగంలో సీవీ 6తో, చివర సీవీ 5తో సరిచేయండి. నూటికి నూరు పాళ్లు కలవక్కర్లేదు, ఒక చుట్టులో రెండు వేళ్ల మందం తేడా ఉన్నా చాలు. ముందుకు, వెనక్కి వేగాలు వేరుగా ఉన్న ఇంజన్‌కు సీవీ 66, 95 ఉన్నాయి: ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి సర్దుబాటు. వీటి ప్రభావం చాలా డీకోడర్లలో స్పీడ్ టేబుల్ వాడినప్పుడే ఉంటుంది. రెండు ఇంజన్లలోనూ బ్యాక్ ఈఎంఎఫ్ మరీ బలంగా ఉంటే ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అప్పుడు దాని బలం తగ్గించండి.

పాయింట్ల మీద ఇంకా ఆగుతోంటే

పైవన్నీ చేశాక కూడా పట్టాలు మారే చోట, ప్లాస్టిక్ ముక్క మీద బండి ఆగుతోంటే అది కరెంటు అందే చక్రాలు తక్కువగా ఉండడం వల్ల. చిన్న నాలుగు చక్రాల ఇంజన్లకు ఇది తప్పదు. డీకోడర్‌కు కీప్ అలైవ్ కెపాసిటర్ కలిపితే కొద్ది క్షణాలు కరెంటు లేకపోయినా బండి సాగుతుంది. అది కలిపాక ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద కొన్ని డీకోడర్లు జవాబివ్వవు. కాబట్టి సీవీలన్నీ ముందే పెట్టుకుని, కెపాసిటర్ చివర కలపండి. పవర్ ఆపినా బండి వెంటనే ఆగదని కూడా గుర్తుంచుకోండి, లేఅవుట్ అంచు దగ్గర నేల మీద పడుతుంది.

డీకోడర్ లేని డీసీ ఇంజన్‌ను డీసీసీ పట్టాల మీద పెట్టకండి. 0 నంబరుతో దాన్ని నడిపే వీలు కొన్ని సిస్టమ్‌లలో ఉంది, కానీ నిలబడి ఉన్నప్పుడూ మోటారు గుయ్యిమంటూ వేడెక్కుతూనే ఉంటుంది. కోర్‌లెస్ మోటారైతే కాలిపోతుంది.

సీవీలతో పూర్తిగా చిక్కుబడిపోతే చాలా డీకోడర్లలో సీవీ 8లో 8 రాస్తే ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్లిపోతుంది. నంబరు మళ్లీ 3 అవుతుంది, భయపడకండి.

అన్నీ కుదిరాక ప్రతి ఇంజన్ పెట్టెలో ఒక చీటీ పెట్టండి. దాని మీద నంబరు, సీవీ 2, 3, 4, 5, 6, 29 విలువలు, ఒకటో స్టెప్పులో ఒక మీటరుకు పట్టిన సెకన్లు, తేదీ రాయండి. కొన్ని నెలలకు బండి మళ్లీ కుదపడం మొదలుపెడితే సీవీలు ముట్టుకోకండి. చీటీలో 65 సెకన్లని ఉండి, ఇప్పుడు బండి దారిలో రెండుసార్లు ఆగుతోంటే, తీయాల్సింది టిష్యూ, ఆల్కహాల్, భూతద్దం.